రెడీమేడ్ పాలీఅక్రిలమైడ్ జెల్స్: ఆరేళ్ల వాడకం తర్వాత

ప్రొటీన్లను కరెంటుతో నడిపించి పరిమాణాన్ని బట్టి వేరుచేసే పాలీఅక్రిలమైడ్ జెల్‌ను గాజు పలకల మధ్య స్వయంగా పోసుకోవడమే అలవాటైన నేను, ఆరేళ్ల క్రితం కొంత అయిష్టంగానే ప్లాస్టిక్ కాసెట్లలో వచ్చే రెడీమేడ్ జెల్స్‌కు మారాను. పైనుంచి కిందికి 4 నుంచి 12 శాతానికి చిక్కబడే (గ్రేడియెంట్), బిస్-ట్రిస్ అనే బఫర్‌తో (పీహెచ్‌ను నిలిపి ఉంచే ద్రావణంతో) చేసిన రకాన్నే ఎక్కువగా వాడాను కనుక ఈ అభిప్రాయం ప్రధానంగా దానికే వర్తిస్తుంది.

అన్నింటికన్నా నాకు నచ్చింది ఏ రోజు జెల్ అయినా ఒకేలా ఉండటం. అక్రిలమైడ్, బిస్‌అక్రిలమైడ్ అణువులు అల్లుకుని వలగా మారడానికి అమ్మోనియం పర్‌సల్ఫేట్, టెమెడ్ అనే రసాయనాలు కలిసి పుట్టించే రాడికల్సే (అతి చురుకైన అణుభాగాలే) ఆధారం కాగా, గాలిలోని ఆక్సిజన్ వాటిని మింగేస్తుంది. అందుకే చేత్తో పోసినప్పుడు పైన నీటి పొర వేసినా, శాంపిల్ పోసే గుంతలను (వెల్స్) ఏర్పరచే దువ్వెనలాంటి కోంబ్ అంచుల దగ్గర జెల్ సరిగా గట్టిపడక ఆ వెల్స్ వంకరపోయేవి, ఒక్కోసారి పక్క శాంపిల్ ఇటు కలిసేది. ఆ బాధ ఇప్పుడు లేదు. గట్టిపడని అక్రిలమైడ్ నాడీవ్యవస్థకు విషం కాబట్టి, దాన్ని రోజూ కొలిచి కలిపే పని తప్పడం కూడా చిన్న లాభమేమీ కాదు.

నిల్వ విషయంలోనూ దీనిదే పైచేయి. శాస్త్రవేత్త లెమ్లీ 1970లో ప్రకటించిన పద్ధతిలో ప్రొటీన్లను వేరుచేసే జెల్ పీహెచ్ 8.8 ఉంటుంది, ఆ క్షారతలో అమైడ్ సమూహాలు నెమ్మదిగా విడిపోయి ఆమ్ల సమూహాలుగా మారడంతో, పాతబడిన జెల్‌లో బ్యాండ్లు (ప్రొటీన్ గీతలు) అలుక్కుపోతాయి. బిస్-ట్రిస్ జెల్ తటస్థానికి దగ్గరగా ఉండటం వల్ల నెలల తరబడి నిలుస్తుంది. అయితే దీన్ని నడపడానికి మెస్ లేదా మాప్స్ అనే బఫరే వాడాలి. ఒకసారి పరధ్యానంగా మామూలు ట్రిస్-గ్లైసిన్ బఫర్ పోసి, ప్రొటీన్లు ఎంత దూరం వెళ్లాయో చూపే నీలిరంగు గీత కదలకపోవడాన్ని చూస్తూ సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

లోపాలు లేకపోలేదు. కాసెట్ అడుగున అంటించిన పట్టీ తీయడం మరిచిపోతే కరెంటు పారనే పారదు; తొలి నెలలో రెండుసార్లు ఇలాగే జరిగింది. కాసెట్ పగలదీసేటప్పుడు మెత్తని 4 శాతం పైభాగం ప్లాస్టిక్‌కు అతుక్కుని చిరుగుతుంది, నిదానంగా తడుపుతూ విడదీయాల్సిందే. ఫ్రిజ్‌లో వెనుక గోడకు ఆనించి పెట్టిన ఒక పెట్టె గడ్డకట్టి మొత్తం పనికిరాకుండా పోయింది. వెల్స్ పరిమాణం మన చేతిలో ఉండదు, ఖర్చు మాత్రం చేత్తో పోసుకున్నదానికన్నా చాలా ఎక్కువ.

కనుక చాలా శాంపిల్స్‌ను వేర్వేరు రోజుల్లో పరీక్షించి పోల్చవలసినప్పుడు రెడీమేడ్ జెల్స్‌నే తీసుకోమంటాను. చిన్న ప్రొటీన్ల కోసం 15 శాతం జెల్, అదీ వెడల్పాటి వెల్స్‌తో కావలసివచ్చినప్పుడు మాత్రం ఇప్పటికీ నేనే పోసుకుంటాను, బీకరు అడుగున మిగిలిన ద్రావణం బిగుసుకుందో లేదో వంచి చూసుకుంటూ.