దోమల మెషిన్‌కు టైమర్ ప్లగ్: కొనొచ్చు, కాలాన్ని బట్టి పిన్నులు మార్చే ఓపిక ఉంటే

దోమల లిక్విడ్ మెషిన్‌ని పడుకునే ముందు వేసి, లేవగానే ఆపేయడం చాలా ఇళ్లలో అలవాటు. రాత్రి కుట్టే క్యూలెక్స్‌కు అది సరిపోతుంది. డెంగీ మోసే ఏడిస్ కుట్టేది మాత్రం పగలు, మెషిన్ ఆపేశాక. ఆ లోటు తీర్చడానికి 24 గంటల మెకానికల్ టైమర్ ప్లగ్ బాగా పనికొస్తుంది.

డయల్ చుట్టూ 96 పిన్నులుండే రకం తీసుకోండి, ఒక్కో పిన్నుకు 15 నిమిషాలు. కిందికి నొక్కిన పిన్నుల వేళకే కరెంట్ వస్తుంది. డయల్‌ని బాణం చూపిన వైపే తిప్పాలి. పక్కనున్న చిన్న స్విచ్ గడియారం బొమ్మ మీద లేకపోతే మెషిన్ రోజంతా నడుస్తుంది.

ఏ పిన్నులు నొక్కాలో ఎండా చలీ తేలుస్తాయి, ఎందుకంటే దోమ ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టే ఉంటుంది. మే నెలలో విజయవాడలో 40 డిగ్రీలు దాటితే ఏడిస్ మిట్టమధ్యాహ్నం మంచాల కింద, కర్టెన్ మడతల్లో నక్కుతుంది. తెల్లారిన తర్వాతా, పొద్దు వాలే ముందూ బయటికొస్తుంది. అప్పుడు ఉదయం 5:30–8:30, సాయంత్రం 4:30–7:30 పెట్టండి. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 15 డిగ్రీలకు పడిపోతే అది కాస్త ఎండెక్కాకే కదులుతుంది. ఉదయం వేళను 7:30–10:30కి, సాయంత్రం వేళను 3:30–6:30కి జరపాలి. చలి కదా అని రాత్రి పిన్నులు ఎత్తేయకండి, మూసిన గదిలో క్యూలెక్స్‌కు చాలినంత వెచ్చదనం ఉంటుంది. ఇక వానాకాలం మబ్బు రోజుల్లో, 25–30 డిగ్రీల మధ్య, ఏడిస్‌కు పగలంతా అనుకూలమే. అప్పుడు టైమర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేయండి, కూలర్ నీళ్లు వారానికోసారి పూర్తిగా పారబోయండి.

దీనిలో పెద్ద లోపం కరెంట్ కోత. రెండు గంటలు కరెంట్ పోతే డయల్ కూడా రెండు గంటలు ఆగిపోతుంది, ఆ తర్వాత సాయంత్రం 4:30కి పడాల్సిన మెషిన్ 6:30కి పడుతుంది. సరిగ్గా కుట్టే వేళ దాటిపోయాక! కోతలు ఎక్కువుండే ఊళ్లలో లోపల బ్యాటరీ ఉండే డిజిటల్ టైమరే మేలు.

నేలమీద పడుకోబెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే సీసా పక్కకు ఒరిగి వత్తి చుట్టూ లిక్విడ్ కారుతుంది. గోడ సాకెట్‌కే పెట్టి, సీసా నిటారుగా ఉండేలా చూడండి. రాత్రి 8 గంటలకు పగటి 6 గంటలు కలిస్తే 45 మి.లీ. సీసా సగానికి కాస్త ఎక్కువ రోజులే వస్తుంది, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి.