రాత్రి డైపర్ కారి పక్క తడుస్తుంటే ఏది మేలు? పెద్ద సైజా, మధ్యలో మార్చడమా, గుడ్డ డైపరా?

ఏడాది దాటి మూడేళ్ల లోపు ఉన్న పిల్లలకు రాత్రి డైపర్ వేసి పడుకోబెట్టినా తెల్లవారేసరికి చొక్కా, దుప్పటి, పరుపు తడిసిపోతున్నాయంటే తల్లిదండ్రులు మొదట చేసే పని సాధారణంగా కంపెనీ మార్చడం. ఒక్కోసారి అది పనిచేస్తుంది. ఎక్కువసార్లు మాత్రం కొత్త ప్యాకెట్టు సగం అయ్యేసరికి మళ్లీ పక్క తడవడం మొదలవుతుంది. పైకి ఒకే ఇబ్బందిలా కనిపించినా ఇందులో నిజానికి రెండు వేర్వేరు ఇబ్బందులున్నాయి. ఒకటి, డైపర్ పూర్తిగా నిండిపోయి ఇక పీల్చుకోలేక కారడం. రెండోది, లోపల ఇంకా చోటున్నా మూత్రం అక్కడికి చేరకముందే తొడ పక్కనుంచో నడుము దగ్గరనుంచో బయటికి జారిపోవడం. మొదటిదానికి చేసిన ఉపాయం రెండోదానికి పనికిరాదు కాబట్టి, ఏది కొనాలన్న ఆలోచనకు ముందు పక్క తడిసిన రోజు ఉదయం ఆ డైపర్‌ను విప్పి చేత్తో నొక్కి చూడాలి.

డైపర్ ముందునుంచి వెనకదాకా ఉబ్బి, బరువుకు కిందికి వేలాడుతూ ఉంటే అది నిండి కారినట్టు. ముందు భాగం మాత్రమే గట్టిపడి, వెనక సగం పల్చగా పొడిగా మిగిలి ఉంటే తప్పు కొలతలోనో, తొడిగిన తీరులోనో ఉన్నట్టు. తడి ఎక్కడ ఉందో కూడా గమనించాలి. బోర్లా పడుకొనే మగపిల్లలకు బొడ్డు కింద నడుము పట్టీ దగ్గర తడుస్తుంది. పక్కకు ఒత్తిగిలి పడుకొనేవారికి పరుపుకు ఆనిన తొడవైపు తడుస్తుంది. వెల్లకిలా పడుకొనే ఆడపిల్లలకు ఎక్కువగా వీపు వైపు తడుస్తుంది. ఇంకా కచ్చితంగా తెలుసుకోవాలంటే ఇంట్లో చిన్న ఎలక్ట్రానిక్ తూకం ఉంటే చాలు. పొడి డైపర్‌ను ఒకసారి, ఉదయం తీసిన డైపర్‌ను కవర్లో పెట్టి మరొకసారి తూచితే, పెరిగిన ప్రతి గ్రామూ దాదాపు ఒక మిల్లీలీటరు మూత్రం. పక్క తడవని రాత్రులు కూడా ఇలా తూచి చూస్తే ఆ బిడ్డకు ఎంత పీల్చే డైపర్ అవసరమో తెలుస్తుంది.

పసిపిల్లలకు సాధారణంగా కిలో బరువుకు గంటకు 1 నుంచి 2 మిల్లీలీటర్ల మూత్రం తయారవుతుంది. ఆ లెక్కన 12 కిలోల బిడ్డ పది గంటలు నిద్రపోతే 120 నుంచి 240 మిల్లీలీటర్లు. ఇదంతా చుక్కచుక్కగా రాదు. రెండేళ్ల వయసులో మూత్రాశయం సుమారు 90 మిల్లీలీటర్లు పడుతుంది కాబట్టి, రెండు మూడు దఫాలుగా, ఒక్కో దఫా ధారగా వస్తుంది. డైపర్ మధ్యలో ఉండే తెల్లటి పలుకులు సోడియం పాలీయాక్రిలేట్ అనే పదార్థం. అది స్వచ్ఛమైన నీటినైతే తన బరువుకు వందల రెట్లు పీలుస్తుంది కానీ, మూత్రంలోని లవణాల వల్ల ఆ శక్తి కొన్ని పదుల రెట్లకు పడిపోతుంది. అది జెల్‌గా మారడానికి కొంత సమయం కూడా పడుతుంది. అప్పటికే తడిసి ఉబ్బిన చోటనే రెండో ధార పడితే, వెనక భాగమంతా పొడిగా ఉన్నా, ముందునుంచి కారిపోతుంది. ప్యాకెట్టు మీద 12 గంటలని రాసి ఉన్నంత మాత్రాన ప్రతి బిడ్డకూ అది వర్తించకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

కొలత వల్ల కారుతున్నప్పుడు ఒక సైజు పెంచడం, ప్యాంటు రకం నుంచి స్టిక్కర్ రకానికి మారడం అనే రెండు మార్గాలుంటాయి. మన దేశంలో అమ్మే ప్యాంటు డైపర్లలో ఎం సైజు సుమారు 7 నుంచి 12 కిలోలకు, ఎల్ 9 నుంచి 14 కిలోలకు, ఎక్స్ఎల్ 12 నుంచి 17 కిలోలకు అని ఉంటుంది. ఈ అంకెలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొని ఉండటం తల్లిదండ్రులకు మేలే చేస్తుంది. 11 కిలోల బిడ్డకు పగలు ఎం సరిపోతున్నా రాత్రికి ఎల్ వేయవచ్చు. సైజు పెరిగితే లోపలి మెత్త కూడా పొడవుగా, మందంగా ఉంటుంది. అయితే సన్నని తొడలున్న పిల్లలకు సైజు పెంచితే కాళ్ల దగ్గర సందు ఏర్పడి కారడం ఇంకా ఎక్కువవుతుంది. తొడ మీద ఎర్రటి గీతలు పడుతుంటే చిన్నదనీ, నిలబెట్టినప్పుడు గజ్జల దగ్గర వేలు సులువుగా దూరుతుంటే పెద్దదనీ అర్థం. అలాంటి సన్నపాటి పిల్లలకు నా దృష్టిలో స్టిక్కర్ రకమే మెరుగు, ఎందుకంటే నడుమునూ తొడనూ విడివిడిగా సర్దవచ్చు. దాని లోపాలు రెండు: పెద్ద సైజుల్లో అది చిన్న ఊళ్ల దుకాణాల్లో తక్కువగా దొరుకుతుంది, రెండేళ్ల బిడ్డ దాన్ని అర్ధరాత్రి పీకి పారేయగలడు. రాత్రి ప్యాంటు చొక్కా కలిసి ఉండే ఒంటి దుస్తు వేస్తే ఈ రెండో లోపం చాలావరకు తీరుతుంది.

ఇవేవీ కొనకముందే చూసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. కాళ్ల దగ్గర లోపలివైపు ఉండే సన్నని కుచ్చు అంచులు లోపలికి మడతపడి ఉంటే ఎంత ఖరీదైన డైపరైనా కారుతుంది కాబట్టి, తొడిగాక వేలితో చుట్టూ తిప్పి వాటిని బయటికి లాగాలి. మగపిల్లలకు అంగం కిందివైపు ఉండేలా సర్దాలి. బనియను అంచు డైపర్‌లో ఇరుక్కుంటే దీపపు వత్తి నూనెను లాగినట్టు తడిని పైకి లాగుతుంది, అప్పుడు డైపర్ కారకుండానే చొక్కా తడుస్తుంది. స్నానం తరువాత తొడలకు కొబ్బరినూనె, వ్యాజిలిన్ దట్టంగా రాసే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. ఆ జిడ్డు డైపర్ పై పొరకు అంటి మూత్రాన్ని లోపలికి దిగనివ్వదు. అవసరమైన చోట పల్చగా రాయడంలో తప్పులేదు.

ఇక నిండి కారే డైపర్ సంగతి. ఇక్కడ పోలిక ముఖ్యంగా అదనపు ప్యాడుకూ, రాత్రి ఒకసారి మార్చడానికీ మధ్యనే. డైపర్ లోపల పరిచే అదనపు ప్యాడ్‌ను బూస్టర్ అంటారు. దాని అడుగున ప్లాస్టిక్ పొర ఉండదు, కాబట్టి అది నిండాక మూత్రం కింది డైపర్‌లోకి దిగుతుంది. అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలకు ఇవి, రాత్రి కోసమే ప్రత్యేకంగా చేసిన మందపు డైపర్లు, మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి. ఇక్కడ ఎక్కువగా ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. వీటికి బదులు ఆడవాళ్ల శానిటరీ ప్యాడ్ పెట్టవచ్చునని కొందరు సలహా ఇస్తుంటారు కానీ, దాని అడుగున నీరు దిగని పొర ఉంటుంది గనుక నిండగానే మూత్రం పక్కలకు పొర్లుతుంది, పైగా కొన్నిటిలో పరిమళాలు కలుపుతారు. అది పసివాళ్లకు తగదు. ఒకదాని మీద ఒకటి రెండు డైపర్లు వేయడం కూడా డబ్బు దండగ, ఎందుకంటే లోపలి డైపర్ వెలుపలి పొర నీటిని బయటికి పోనివ్వదు, కారినది మాత్రమే రెండోదానికి అందుతుంది, ఆపైన బిడ్డకు ఉక్క.

దీనితో పోలిస్తే, పెద్దవాళ్లు పడుకోబోయే ముందు, అంటే పదిన్నర పదకొండు గంటల ప్రాంతంలో, ఒకసారి డైపర్ మార్చడం నాకు అన్నిటికంటే నమ్మకమైన మార్గంగా కనిపిస్తుంది. ఎనిమిదిన్నరకు పాలు తాగి పడుకొన్న బిడ్డ మొదటి ధార ఆ డైపర్‌తోనే పోతుంది. మిగిలిన రాత్రికి పూర్తిగా పొడి డైపర్ ఉంటుంది. అదనంగా అయ్యే ఖర్చు ఒక డైపర్ మాత్రమే. 2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల న్యాపీల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కనుక ఆ భారం కాస్త తేలికైంది కూడా. గదిలో పెద్ద దీపం వేయకుండా, మాట్లాడకుండా, స్టిక్కర్ రకమైతే బిడ్డను పెద్దగా కదపకుండానే మార్చవచ్చు. ప్యాంటు రకమైతే పక్కలు చింపి తీసి, కొత్తది కాళ్లనుంచి ఎక్కించవలసి వస్తుంది. చర్మానికి కూడా ఇదే మేలు: గంటల తరబడి తడిలో నానిన చర్మం ఒరుసుకుపోయి ఎర్రబడుతుంది. అయితే నిద్ర తేలికగా తెగిపోయి, లేస్తే గంటసేపు పడుకోని పిల్లలుంటారు. ఆ ఇళ్లలో తల్లి నిద్ర పాడు చేసుకోవడం కంటే పెద్ద సైజు, బూస్టర్ కలిపి వాడటమే మంచిది. ఉద్యోగానికి వెళ్లే తల్లి నిద్ర కూడా ఈ లెక్కలో చేరవలసిన విషయమే.

గుడ్డ డైపర్లంటే పాత పంచెలను, నేత చీరలను చింపి కట్టే లంగోటాలే చాలామందికి గుర్తుకు వస్తాయి. అవి మెత్తగా, గాలి ఆడేలా ఉంటాయి. తడిసిన వెంటనే బిడ్డ ఏడుస్తాడు, వెంటనే మార్చాలి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో పక్కనే పడుకొనే నెలల బిడ్డకు అది సరిపోతుంది కానీ, నిద్రలో దొర్లే రెండేళ్ల బిడ్డకు చాలదు. ఇప్పుడు దొరికే గుడ్డ డైపర్లలో నీరు కారని కవరు, అందులో పెట్టే పీల్చే మడతలు వేరువేరుగా ఉంటాయి. రాత్రికి మేలు చేసేదీ కీడు చేసేదీ ఆ మడతల గుడ్డే. మైక్రోఫైబర్ అనే కృత్రిమ పోగుల గుడ్డ చాలా వేగంగా పీలుస్తుంది, త్వరగా ఆరుతుంది, కానీ బిడ్డ బరువు దాని మీద పడగానే పిండినట్టు వదిలేస్తుంది. చర్మానికి నేరుగా తగిలితే తేమను లాగేసి పొడిబారుస్తుంది కూడా. నూలు మడతలు నెమ్మదిగా పీల్చినా గట్టిగా పట్టి ఉంచుతాయి. గంజాయి జాతి మొక్క కాండం నారతో నేసే హెంప్ ఇంకా నెమ్మది, ఇంకా పట్టు. అందుకే పైన నూలు, అడుగున హెంప్ పెడితే ధార మొదట పైపొరలో ఆగి, తరువాత మెల్లగా కిందికి దిగుతుంది. కొత్త నూలు మడతలను వాడకముందు నాలుగైదుసార్లు ఉతికి ఆరబెట్టాలి, లేకపోతే వాటిలోని సహజమైన మైనం వల్ల మొదటి రాత్రే కారి, ఈ పద్ధతే పనికిరాదన్న అభిప్రాయం కలుగుతుంది. గుడ్డలు మెత్తబడటానికి వేసే కంఫర్టు లాంటి ద్రవాలను వీటికి వేయకూడదు, అవి పీల్చే శక్తిని తగ్గిస్తాయి.

ఈ పద్ధతికి పెద్ద పరీక్ష మన వాతావరణం. ఏప్రిల్, మే నెలల్లో మందపు హెంప్ మడత కూడా మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది, కాకపోతే అదే ఎండలకు రాత్రి ఉక్కలో అంత మందం కట్టుకొన్న బిడ్డకు చెమటకాయలు లేస్తాయి. జులై, ఆగస్టు ముసురులో రెండు రోజులైనా ఆరక, ముక్క వాసన వస్తుంది. కోస్తాలో నవంబరు తుపానులకూ అంతే. వాషింగ్ మెషీను, గాలి తగిలే బాల్కనీ, కనీసం మూడు నాలుగు రాత్రులకు సరిపడా మడతలు ఉన్న ఇంటికి గుడ్డ డైపర్ లాభమే. రెండో బిడ్డకు కూడా పనికొస్తే ఇంకా లాభం. అవి లేని ఇంట్లో పగలు గుడ్డ, రాత్రి వాడి పారేసేది అని పంచుకోవడం మంచిది, దానికి సంకోచించనక్కర లేదు. పర్యావరణం పేరుతో ఆ తల్లులను తప్పుపట్టేవారు ఒక మాట తెలుసుకోవాలి: బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వెలువరించిన అధ్యయనం ప్రకారం గుడ్డ డైపర్ల వల్ల కలిగే మేలు వాటిని ఉతికే, ఆరబెట్టే పద్ధతి మీదే ఆధారపడి ఉంటుంది. వాడి పారేసే డైపర్‌ను కాగితంలో చుట్టి, మిగతా చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వాలి. మలం ఉంటే ముందు దాన్ని మరుగుదొడ్డిలో వేయాలి.

ఏ పద్ధతి ఎంచుకొన్నా పరుపు రక్షణ మానకూడదు. పాత రబ్బరు షీటు నీటిని పూర్తిగా ఆపుతుంది కానీ వేడెక్కుతుంది, బిడ్డ చర్మానికి తగలకుండా పైన మందపు నూలు దుప్పటి తప్పనిసరి. ఇప్పటి డ్రై షీటు మెత్తగా ఉంటుంది, కొంత పీలుస్తుంది. చిన్న కారుడుకు అదే చాలు. షీటు, దుప్పటి, మళ్లీ షీటు, దుప్పటి అని రెండు వరుసలు పరిస్తే అర్ధరాత్రి పై వరుస లాగేసి పడుకోవచ్చు.

తడవకుండా ఉండాలని సాయంత్రం నుంచి నీళ్లు మాన్పించడం మాత్రం తగదు, ముఖ్యంగా ఎండాకాలంలో. పడుకొనే ముందు తాగే పాలను ఒక అరగంట ముందుకు జరిపి, తాగాక డైపర్ మార్చి పడుకోబెడితే చాలు. రాత్రి పూట మూత్రాన్ని ఆపుకోవడం ఈ వయసులో పిల్లల చేతిలో లేదు. అయిదేళ్ల లోపు పక్క తడపడాన్ని వైద్యులు జబ్బుగా లెక్కించరు. కానీ ఇంతకాలం సరిపోయిన డైపర్ ఉన్నట్టుండి ప్రతిరాత్రీ నిండి పొర్లుతూ, దానితోపాటు బిడ్డకు విపరీతమైన దాహం, బరువు తగ్గడం, నీరసం కనిపిస్తే అది మధుమేహం కావచ్చు కాబట్టి ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించాలి. జ్వరం, మూత్రానికి వెళ్లేటప్పుడు ఏడుపు ఉన్నా అంతే, మూత్రపరీక్ష చేయించాలి.