రెడ్ డెడ్ రిడెంప్షన్: రెండోది ఆడే ముందు మొదటిది ఆడాలా?

ఆడాలి. ఇవి కౌబాయ్‌ల కాలంలో జరిగే రెండు వీడియో గేములు. కథ ప్రకారం రెండోదే ముందు జరుగుతుంది కదా, అది 1899, మొదటిది 1911, అలాంటప్పుడు నేరుగా రెండోది పెట్టుకుంటే పోలా అని చాలామంది అడుగుతారు. తారీఖుల లెక్క సరైనదే. కానీ 2018లో వచ్చిన రెండో గేము, 2010 గేము ఆడేసినవాళ్లని మనసులో పెట్టుకుని రాసినట్టుంటుంది, ఆడుతుంటే అడుగడుగునా అది తెలుస్తుంది.

మొదటిదాంట్లో హీరో, ఒకప్పటి దొంగల ముఠా మనిషి జాన్ మార్స్టన్ భార్యనీ కొడుకునీ ప్రభుత్వ ఏజెంట్లు తమ గుప్పిట్లో పెట్టుకుని, నీ పాత ముఠావాళ్లని నువ్వే పట్టుకో అంటారు. ఆట మొదట్లోనే ఫోర్ట్ మెర్సర్ గేటు ముందు ఒంటరిగా నిలబడి, లొంగిపొమ్మని ఆ ముఠావాడే అయిన బిల్ విలియమ్సన్‌ని అడుగుతాడు. పైనుంచి కాల్చేస్తారు, జాన్ గాయపడి అక్కడే పడిపోతాడు. మన దృష్టిలో ఆ క్షణం నుంచి బిల్ ఒట్టి విలన్. తర్వాత రెండోది మొదలుపెడితే అదే బిల్ ముఠా క్యాంపులో మంట పక్కన కూర్చుని తాగుతుంటాడు, పక్కవాళ్లు ఆటపట్టిస్తే ఉడుక్కుంటాడు, జాన్ కూడా అక్కడక్కడే తిరుగుతుంటాడు, వీళ్లిద్దరి మధ్య ముందుముందు ఏం జరగబోతోందో మనకి తెలుసు, వాళ్లకి తెలియదు. ఇది తెలియకుండా ఆడితే బిల్ ఓ మామూలు క్యాంపు మనిషి, అంతే. ముఠా నాయకుడు డచ్ విషయంలో ఇది ఇంకా ఎక్కువ. ఆయన ముఠా అందరినీ కూర్చోబెట్టి ‘నన్ను నమ్మండి, నా దగ్గర ప్లాన్ ఉంది’ అన్న ప్రతిసారీ నాకు టెన్షనే.

చిన్న చిన్న వాటిని కూడా వదల్లేదు. మొదటిదాంట్లో జాన్‌కి ఈత రాదు, లోతు నీళ్లలోకి దిగితే చచ్చిపోతాడు. రెండోదాంట్లోనూ అతనికి ఈత రాదు.

ఇంకో కారణం ఆటతీరు. రెండోదాంట్లో గుర్రాన్ని తోమాలి, మేత పెట్టాలి, వేటాడిన జంతువు తోలు వలిచి జీను వెనక వేసుకుని మోయాలి, గడ్డం కూడా రోజురోజుకీ పెరుగుతుంది. ఇవన్నీ అలవాటయ్యాక వెనక్కి వెళ్తే, ఈల వేయగానే ఎక్కడినుంచో గుర్రం వచ్చేసే పాత గేము బోసిగా అనిపిస్తుంది, సగంలో వదిలేస్తారు. ముందే ఆడితే ఆ ఇబ్బంది ఉండదు.

మొదటిదాంట్లో లోపాలు లేవని కాదు. మెక్సికో భాగం మరీ సాగదీసినట్టుంటుంది, జాన్ ఓసారి సైన్యానికీ ఓసారి తిరుగుబాటుదారులకీ పనిచేస్తూ పోతుంటే విసుగొస్తుంది. అయినా నది దాటి ఆ నేల మీద గుర్రం ఎక్కగానే ఒక పాట మొదలవుతుంది చూడండి, అప్పుడు మాత్రం దయచేసి గుర్రాన్ని దౌడు తీయించకండి, నెమ్మదిగా పోనివ్వండి. చివర్లో మిషన్లు, అంటే ఆటలో మనకి అప్పగించే పనులు, అన్నీ పొలం పనులే వస్తాయి, పశువులు తోలడం, కొడుకుతో వేటకి వెళ్లడం. బోర్ అనుకుని హడావుడిగా కానిచ్చేయొద్దు. రెండోదాని ఎపిలోగ్‌లో, అంటే అసలు కథ అయ్యాక వచ్చే ముగింపు భాగంలో, ఒక ఇల్లు కట్టే మిషన్ ఉంది, ఈ పొలం చూసినవాళ్లకి అక్కడ కొట్టే ప్రతి మేకూ గుండెలో దిగుతుంది.

నిజంగా ఒక్కటే ఆడే తీరిక ఉంటే రెండోదే ఆడండి, దాని హీరో ఆర్థర్ మోర్గన్ కథ దానికదే పూర్తిగా ఉంటుంది. రెండూ ఆడగలిగితే మాత్రం వచ్చిన వరసలోనే. పాతది దొరకదన్న సమస్య ఇప్పుడు లేదు, 2023లో పీఎస్4, స్విచ్ గేమ్ కన్సోళ్లకీ, 2024 అక్టోబర్‌లో పీసీకీ వచ్చేసింది. అందులో నలుగురితో కలిసి ఆడే మల్టీప్లేయర్ తీసేశారు, అన్‌డెడ్ నైట్‌మేర్ అనే అదనపు కథ ఉంది. ఆ జాంబీల కథకి రెండో గేముతో పనిలేదు, ఎప్పుడు ఆడినా ఫర్వాలేదు.