రైఫిల్‌కి రెడ్ డాట్ సైటా, 1-6 స్కోపా?

వంద గజాల లోపు గబగబా కాల్చే పనికి ఎయిమ్‌పాయింట్ ప్రో లాంటి రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైటు) చాలు. రెండు కళ్లూ తెరిచే గురి చూడొచ్చు, తల కాస్త జరిగినా చుక్క కనిపిస్తుంది. కానీ ఆ 2 ఎంఓఏ (1 ఎంఓఏ అంటే వంద గజాల దగ్గర సుమారు అంగుళం) చుక్క 300 గజాల దగ్గర సుమారు 6 అంగుళాలు కప్పేస్తుంది. కంటికి ఆస్టిగ్మాటిజం (వెలుగు చెదిరినట్టు కనిపించే లోపం) ఉంటే చుక్క తోకచుక్కలా చెదురుతుంది కూడా. ముందు వెలుగు తగ్గించి చూడండి, అప్పటికీ కుదరకపోతే స్కోపే మేలు.

ఒకటి నుంచి 6 రెట్ల దాకా పెద్దగా చూపే వోర్టెక్స్ స్ట్రైక్ ఈగిల్ 1-6 స్కోపులో గురి గీతలు గాజు మీదే చెక్కి ఉంటాయి, బ్యాటరీ అయిపోయినా పోవు. దూరాన ఉన్నదేమిటో పోల్చుకోవడానికి 6 రెట్లు నిజంగా అక్కరకొస్తుంది. అయితే అక్కడ కన్ను సరిగ్గా కుదరకపోతే అంచులు నల్లబడతాయి. ఇది రెండో ఫోకల్ ప్లేన్ స్కోపు, అంటే జూమ్ మార్చినా గీతల సైజు మారదు: దూరాన్ని బట్టి గురి పెట్టే గీతలు 6 రెట్ల దగ్గరే సరిపోతాయి, 3 రెట్ల దగ్గర వాడితే తూటా పైకి పోతుంది. స్కోపును రైఫిల్‌కి పట్టి ఉంచే రింగుల స్క్రూలు 15-18 ఇంచ్-పౌండ్లకు మించి బిగించొద్దు, ట్యూబు నొక్కుకుపోతుంది.