పెద్ద చేతులవాళ్లకి ఏ పిస్టల్ కుదురుతుంది: గ్లాక్, పీ320, వీపీ9, ఎం అండ్ పీ, సీజెడ్ 75 కాల్చి చూశాక

"చెయ్యి పెద్దదా? అయితే లావు గ్రిప్ ఉన్నది తీసుకో." టెక్సస్‌లో గన్ షాపు కౌంటర్ల దగ్గర తరచుగా వినపడే మాట ఇది, రేంజ్‌కి కొత్తగా వచ్చే మన తెలుగువాళ్లు కూడా ఒకరికొకరు ఇదే చెప్పుకుంటున్నారు. ఇందులో నిజం సగమే. లావు కన్నా ముందు చూసుకోవాల్సినవి మూడున్నాయి: గ్రిప్ వెనక అంచు నుంచి ట్రిగ్గర్ ఎంత దూరంలో ఉంది, గ్రిప్ పొడవు చిటికెన వేలికి కూడా చాలుతుందా, గట్టిగా పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు ఎక్కడికొచ్చి ఆనుతున్నాయి. ఈ మూడూ కుదిరితే లావు కాస్త అటూ ఇటూ అయినా చెయ్యి సర్దుకుపోతుంది. ఇవి కుదరనప్పుడు ఎంత లావు గ్రిప్ ఇచ్చినా గురి నిలవదు.

నా చెయ్యి మణికట్టు గీత నుంచి మధ్యవేలి కొస దాకా 8 అంగుళాలు దాటుతుంది, వేళ్లు పొడుగు, అరచెయ్యి వెడల్పు, గ్లవ్స్ డబుల్ ఎక్స్‌ఎల్ అయితేనే పడతాయి. మీవీ ఇలాంటి చేతులే అయితే ఈ రివ్యూ మీకే. కింద రాసినవన్నీ డాలస్ పక్కన ఒక ఇండోర్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినవే.

అసలు సంగతిలోకి వెళ్లేముందు ఒక్క మాట, ఇది చాలామందికి తెలియదు కాబట్టి చెప్పి తీరాలి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో కాసేపు అద్దెకి తీసుకుని కాల్చడానికి కూడా ఇదే వర్తిస్తుంది, "ఫ్రెండ్‌తో కలిసి సరదాగా వెళ్లొస్తాం" అన్నా సరే. గ్రీన్ కార్డు గానీ పౌరసత్వం గానీ ఉండి, 21 ఏళ్లు నిండితే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర పిస్టల్ కొనొచ్చు. 4473 ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాలి. దయచేసి ఈ విషయంలో ఎవరో చెప్పారని ముందుకెళ్లకండి, ఇమిగ్రేషన్ మొత్తం ఎగిరిపోయే వ్యవహారం.

ఇప్పుడు చేతుల సంగతి. ట్రిగ్గర్ మీద చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ఆనాలి, అక్కడినుంచి వేలు నేరుగా వెనక్కి రావాలి. పొడుగు వేళ్లున్నవాళ్లు ట్రిగ్గర్ మరీ దగ్గరగా ఉన్న పిస్టల్ పట్టుకుంటే వేలు రెండో కణుపు దాకా లోపలికి దూరిపోతుంది, అప్పుడు నొక్కే ప్రతిసారీ తుపాకీ మూతి పక్కకి లాగుతుంది, మీరేమో గురి చూసే సైట్లు తప్పున్నాయనుకుని వాటిని తిప్పుతూ కూర్చుంటారు. రెండోది చిటికెన వేలు. గ్రిప్ పొట్టిదైతే ఆ వేలు గాల్లో వేలాడుతుంది, పట్టు సగం పోయినట్టే, దానికితోడు మ్యాగజైన్ (గ్రిప్‌లోకి దూర్చే బుల్లెట్ల పెట్టె) తోసేటప్పుడు అరచేతి కింది భాగం మధ్యలో ఇరుక్కుని చర్మం నలుగుతుంది. మూడోది మాత్రం చాలామందికి తట్టనే తట్టదు: పెద్ద బొటనవేలు స్లైడ్ స్టాప్ మీద, అంటే తుపాకీ పైన ముందుకీ వెనక్కీ కదిలే స్లైడ్‌ని ఆపే మీట మీద, వాలిపోతుంది. ఆఖరి బుల్లెట్ అయిపోయాక స్లైడ్ వెనక్కెళ్లి అక్కడే ఆగాలి, వేలు ఆ మీటని కిందికి నొక్కి ఉంచితే ఆగకుండా ముందుకొచ్చేస్తుంది. తుపాకీ చెడిపోయిందేమోనని షాపుకి పట్టుకెళ్లేవాళ్లున్నారు. ముందు వేలు ఎక్కడుందో చూసుకోండి.

గ్లాక్‌తో మొదలుపెడతాను, ఎలాగూ అందరూ అడిగేది అదే. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ 17 ఇప్పటికీ పెద్ద చేతులకి మంచి మొదలు. గ్లాక్ 19 మంచిదా 17 మంచిదా అని గంటలు గంటలు వాదించుకుంటారు గానీ, ట్రిగ్గర్ దూరం రెండింటిలోనూ దాదాపు ఒకటే, మన చేతికి తేడా తెలిసేది ఎత్తులో. మ్యాగజైన్‌తో కలిపి 17 ఎత్తు 139 మిల్లీమీటర్లు, 19 ఎత్తు 128. ఆ 11 మిల్లీమీటర్లే నా చిటికెన వేలు ఉండే చోటు. 19లో అది సగం గ్రిప్ మీద, సగం మ్యాగజైన్ అడుగున ఉంటుంది, పది రౌండ్లు కాల్చేసరికి పట్టు జారి మళ్లీ సర్దుకోవాలి. జెన్ 3, జెన్ 4 (మూడో, నాలుగో తరం) గ్లాక్‌లకి గ్రిప్ ముందు వేళ్ల కోసం గాళ్లు ఉంటాయి, అవి మామూలు చేతికి లెక్కగట్టినవి, నా వేళ్లు సరిగ్గా ఆ గట్ల మీదకే వచ్చి కూర్చుంటాయి, నొప్పి. 2017లో వచ్చిన జెన్ 5లో వాటిని తీసేశారు, పెద్ద చేతులవాళ్లకి ఆ ఒక్క మార్పే జెన్ 5 కొనడానికి చాలు. బాక్సులో వచ్చే బ్యాక్‌స్ట్రాప్‌లలో (గ్రిప్ వెనక తగిలించే ముక్కలు) మీడియం పెడితే వెనక భాగం 2 మిల్లీమీటర్లు, లార్జ్ పెడితే 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చెప్పుకుంటే చిన్న అంకెలు, ట్రిగ్గర్ మీద వేలు పడే చోటు మాత్రం పూర్తిగా మారిపోతుంది. బీవర్‌టెయిల్ (పైన వెనక్కి పొడుచుకొచ్చే తోక) ఉన్న లార్జ్ పెట్టుకోండి, లేకపోతే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని స్లైడ్ వెనక్కొచ్చేటప్పుడు గీరేస్తుంది, కండ ఉన్న పెద్ద చేతులకి ఇది మామూలే.

జేబుకి సరిపోయే గ్లాక్ 43 గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ఎత్తు 108 మిల్లీమీటర్లు. నా చేతిలో రెండు వేళ్లే పడతాయి. బట్టల కింద దాచి క్యారీ చెయ్యాలి, గ్రిప్ మాత్రం పూర్తిగా కావాలి అనుకునేవాళ్లకి గ్లాక్ 45 ఉంది, దానిలో 19 స్లైడు, 17 సైజు గ్రిప్పు.

సిగ్ సావర్ పీ320 ఆలోచనే వేరు. ఇందులో ట్రిగ్గర్, దాని లోపలి యంత్రాంగం కలిపి ఒక చిన్న స్టీలు పెట్టెలా ఊడొస్తుంది, సీరియల్ నంబర్ దానిమీదే ఉంటుంది, చట్టం దృష్టిలో తుపాకీ అంటే అదే. మిగతా గ్రిప్ అంతా ఉట్టి ప్లాస్టిక్ కవచం, స్మాల్, మీడియం, లార్జ్ ఏది కావాలంటే అది విడిగా ఏ ఫారం లేకుండా కొనుక్కోవచ్చు. 2017 జనవరిలో అమెరికా సైన్యం దీన్నే ఎం17గా ఎంచుకుంది. అంతకుముందు 1985 నుంచి ఉన్న బెరెటా ఎం9 గ్రిప్ చిన్న చేతుల సైనికులకి మరీ లావు అని ఏళ్ల తరబడి ఫిర్యాదులుండేవి, అందుకే కొత్త పిస్టల్ ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లు మార్చుకునేలా ఉండాలని పట్టుబట్టారు. చిన్న చేతుల కోసం మొదలైన ఆలోచన మనకి బాగా ఉపయోగపడింది. లార్జ్ గ్రిప్ పెట్టిన పీ320 నా చేతికి చాలా హాయిగా ఉంది, అరచెయ్యి మొత్తం నిండుతుంది, ఎడమ చెయ్యి ఆనడానికి కూడా బోలెడు చోటు. రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి నేను ఇందాక చెప్పిన స్లైడ్ స్టాప్ సమస్య, నా బొటనవేలు సరిగ్గా దానిమీదే వాలుతుంది, వేలిని కావాలని బయటికి జరుపుకోవాలి. రెండోది పెద్దది. కింద పడితే పేలుతోందని 2017లో తేలాక కంపెనీ స్వచ్ఛందంగా అప్‌గ్రేడ్ ఇచ్చింది, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందని చాలా కేసులు పడ్డాయి, తుపాకీ సురక్షితమేనని కంపెనీ అంటోంది. చేతికి ఇంత బాగా కుదిరినా నేను దీన్ని కొనకపోవడానికి కారణం ఇదే. నడుముకి పెట్టుకుని తిరిగే వస్తువు మీద మనసులో టెన్షన్ ఉండకూడదు.

ఇక హెక్లర్ అండ్ కోక్ వీపీ9. 2014లో వచ్చింది. వెనక బ్యాక్‌స్ట్రాప్ మూడు సైజులు, పక్కల ప్యానెళ్లు కూడా మూడేసి సైజులు, కుడి ఎడమలు విడివిడిగా మార్చుకోవచ్చు, మొత్తం 27 రకాలుగా కూర్చుకోవచ్చు. ప్రకటన కోసం చెప్పే అంకెలా వినిపిస్తుంది గానీ చేతిలో పట్టుకుంటే దాని విలువ తెలుస్తుంది. వెనక లార్జ్, అరచెయ్యి ఆనే వైపు లార్జ్, వేళ్ల కొసలు వచ్చే వైపు మీడియం పెడితే నా చూపుడువేలు ట్రిగ్గర్ మీద కావలసిన చోట దానంతటదే పడింది, మధ్యలో వేలికీ ఫ్రేముకీ (స్లైడు కింద ఉండే తుపాకీ ఒళ్లు) కొద్దిగా సందు కూడా మిగిలింది. ఆ సందు ముఖ్యం, వేలు ఫ్రేముని రాసుకుంటూ ఉంటే నొక్కేటప్పుడు తుపాకీనే తోస్తుంది. మామూలు వీపీ9లో మ్యాగజైన్ వదిలే మీట బటన్‌లా కాకుండా ట్రిగ్గర్ గార్డు వెనక తెడ్డులా ఉంటుంది. చిన్న చేతులవాళ్లకి అది అందక తంటాలు పడతారు, మనకి వేలు ఉన్నచోటునుంచే అందుతుంది, పట్టు మార్చక్కర్లేదు. గ్లాక్ కన్నా ఖరీదు ఎక్కువ, విడి మ్యాగజైన్లు కూడా ఖరీదే. అయినా నేను కొన్నది ఇదే.

స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 2.0 గురించి మన వాళ్లు తక్కువ మాట్లాడతారు, అన్యాయం. 2017లో వచ్చిన ఈ మోడల్‌కి బాక్సులోనే నాలుగు సైజుల వెనక ముక్కలొస్తాయి, లార్జ్ పెడితే అది వెనక్కే కాదు, పక్కలకీ చుట్టుకుని అరచేతి గుంటని నింపుతుంది. మార్చడానికి గ్రిప్ అడుగున ఉన్న పుల్లని తిప్పి లాగితే చాలు. గ్రిప్ గరుకు మాత్రం బాగా ఎక్కువ, చెమట పట్టినా జారదు, షర్టు లోపల పెట్టుకుంటే నడుము దగ్గర చర్మం ఎర్రబడుతుంది. డబ్బు చూసుకుని కొనేవాళ్లు గ్లాక్ 17తో పాటు దీన్ని కూడా పక్కపక్కన పెట్టి పట్టుకుని చూడాల్సిందే.

పాత ఉక్కు పిస్టళ్లంటే ఇష్టమున్నవాళ్లకి సీజెడ్ 75. చెకోస్లోవాకియాలో 1975లో పుట్టింది, బరువు దాదాపు కిలో. ఇందులో స్లైడు ఫ్రేముకి బయట కాకుండా లోపలి గాళ్లలో నడుస్తుంది, అందువల్ల చెయ్యి బ్యారెల్‌కి దగ్గరగా పైకి పట్టుకోవచ్చు, వెనక్కి తన్నడం తక్కువ అనిపిస్తుంది. మొదటి షాట్‌కి ట్రిగ్గర్ బాగా ముందుంటుంది, చిన్న చేతులవాళ్లు తిట్టుకునే దూరం అది, నా వేలికి మాత్రం అచ్చంగా సరిపోయింది. ఇబ్బంది రెండో షాట్ నుంచి. ట్రిగ్గర్ వెనక్కొచ్చి ఉండిపోతుంది, వేలు లోపలికి దూరిపోతుంది. ఒకే తుపాకీలో రెండు దూరాలకి అలవాటు పడాలి. దీనికి మార్చుకోగల బ్యాక్‌స్ట్రాప్‌లు లేవు, గ్రిప్ ప్యానెళ్లు లావువి వేసుకోవచ్చు గానీ దానివల్ల ట్రిగ్గర్ దూరం మారదు.

లావు ఒక్కటే చూడొద్దని నేను ఇంతగా చెప్పడానికి అమెరికా సైన్యం ఒకప్పుడు వాడిన 1911 పిస్టలే పెద్ద సాక్ష్యం. సన్నటి గ్రిప్, మ్యాగజైన్‌లో బుల్లెట్లు ఒకే వరసలో. మొదట అది పొడుగు ట్రిగ్గర్‌తో వచ్చింది. చాలామంది సైనికులకి వేలు అందడం లేదని 1920లలో ట్రిగ్గర్ పొట్టి చేశారు, దాని వెనక ఫ్రేముని రెండు పక్కలా కోశారు, చర్మాన్ని హ్యామర్ (వెనకనుండే సుత్తి) కొరకకుండా వెనక తోకని పొడిగించారు, ఆ మోడలే 1911ఏ1. ఇప్పటికీ 1911లో పొడుగు ట్రిగ్గర్, పొట్టి ట్రిగ్గర్ రెండూ దొరుకుతాయి. పొడుగు ట్రిగ్గర్ ఉన్న 1911ని సన్నగా ఉందని పక్కన పెట్టకండి, పొడుగు వేళ్లున్నవాళ్లు చాలామంది దాన్ని హాయిగా కాలుస్తారు. అరచెయ్యి వెడల్పు బాగా ఎక్కువైతే మాత్రం ఎడమ చెయ్యికి ఆనే చోటు తగ్గుతుంది, నాకు అదే జరిగింది.

షాపులో అడగడానికి మొహమాటపడొద్దు. కౌంటర్ మీద ఉన్న పిస్టల్ ఖాళీగా ఉందో లేదో వాళ్ల చేత చూపించుకుని, మీరూ స్లైడు లాగి చూసి, మూతి మనుషుల వైపు తిప్పకుండా, రెండు చేతులతో అసలు కాల్చేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకోండి. బ్యారెల్ ముంజేతికి వరసలో ఉండాలి. ట్రిగ్గర్ దాకా వేలు అందించడానికి గ్రిప్‌ని చేతిలో పక్కకి తిప్పాల్సి వస్తే గానీ, వేలు లోపలికి మడతపడితే గానీ అది మీది కాదు. రేంజ్‌లో అద్దెకిచ్చేవాటికి ఎక్కువగా మీడియం బ్యాక్‌స్ట్రాపే ఉంటుంది, దాన్ని కాల్చి "ఈ మోడల్ నాకు కుదరలేదు" అని తేల్చేస్తే ఆ మోడల్‌కి అన్యాయం చేసినట్టు. లార్జ్ పెట్టమని అడగండి, కౌంటర్‌లో సొరుగులో ఎక్కడో ఉంటుంది, మార్చడానికి కొన్ని నిమిషాలే పడుతుంది. అడిగితే విసుక్కునే చోట కొనకండి. ఆఖరి బుల్లెట్ తర్వాత స్లైడు ఆగుతోందో లేదో ప్రతి మ్యాగజైన్‌కీ గమనించండి.

ఇంట్లో పిల్లలున్నవాళ్లు పిస్టల్‌తో పాటే లాక్ బాక్స్ కూడా అదే రోజు కొనండి. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేయడం నేరం. పెద్ద పిస్టల్ కాబట్టి బాక్స్ లోపలి కొలతలు చూసుకోండి, పొట్టి పిస్టళ్ల కోసం చేసిన బాక్సుల్లో గ్లాక్ 17 సైజువి మూత పడవు.