ఈఎఫ్ నార్మల్ అని చేతులు దులుపుకోని హార్ట్ క్లినిక్

ఆయాసం తగ్గట్లేదు, ఎకోలో (గుండె స్కాన్) ఈఎఫ్, అంటే పంపింగ్ శాతం, మాత్రం 60 వస్తోంది, "గుండె బానే ఉంది, వయసు కదా" అంటున్నారు.. ఇలా తిరిగేవాళ్ళ కోసమే ఈ రివ్యూ. మా అత్తయ్యకి 68, కాస్త భారీ మనిషి, బీపీకి రెండు రకాల మాత్రలు, సాయంత్రానికి పాదాలు వాచి చెప్పుల పట్టీ అచ్చు దిగిపోయేది.

ఇక్కడ డాక్టర్ గారు పాత ఎకో చూసి, ఈఎఫ్ అంటే గుండె ఎంత రక్తం బయటికి నెడుతుందో అదే, వదులై నింపుకోవడం గురించి అది చెప్పదు అన్నారు. మరి రిపోర్టులో గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్ (గుండె వదులవడంలో కాస్త లోపం) అని ఉంది కదా అంటే, ఈ వయసులో చాలామందికి ఉంటుందమ్మా, అదొక్కటి చూసి హార్ట్ ఫెయిల్యూర్ అని ముద్ర వేయకూడదు అన్నారు. అంటే రెండువైపులా తిప్పలే!

రక్తహీనత, థైరాయిడ్, ఊపిరితిత్తులు ముందే చూసేశారు. గుండె మీద ఒత్తిడి చూపే రక్తపరీక్ష ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ 110 వచ్చింది, 125 లోపే, నేనైతే హమ్మయ్య అనుకున్నా కానీ లావుగా ఉన్నవాళ్ళలో అది తక్కువ చూపిస్తుందట, దాన్ని నమ్ముకుని వదిలేయలేం అన్నారు. ఎకోలో ఈ బై ఈ ప్రైమ్ (గుండె నిండేటప్పుడు లోపలి ప్రెషర్‌ని అంచనా వేసే నంబర్) 11, అటూ ఇటూ కాదు. బరువు, బీపీ మాత్రలు, వయసు అన్నీ కలిపి వేసే స్కోరులో 9కి 5, అదీ మధ్యలోనే.

అప్పుడు ఎక్సర్‌సైజ్ ఎకో పెట్టారు. వెనక్కి వాలి, ఎడమ పక్కకి ఒరిగి పెడల్ తొక్కాలి, "పడుకుని సైకిలేంటే" అని అత్తయ్య ఒకటే గొణుగుడు. రొప్పుతుంటే ఛాతీ కదిలిపోయి బొమ్మ నిలవదు, టెక్నీషియన్ అమ్మాయి మాత్రం ఓపిగ్గా "ఊపిరి వదిలి ఒక్క క్షణం ఆపండమ్మా" అంటూ పట్టేసింది. ఆ ఈ బై ఈ ప్రైమ్ 11 కాస్తా 17 అయింది, 14 దాటితే ప్రెషర్ ఎక్కువున్నట్టు లెక్కే, వాల్వ్ దగ్గర లీకు వేగం కూడా 2.8 దాటింది. కూర్చున్నప్పుడు దొరకని హార్ట్ ఫెయిల్యూర్ దొంగ తొక్కితే దొరికాడు. ఇంకా డౌట్ ఉంటే క్యాథెటర్ పెట్టి ప్రెషర్ నేరుగా కొలిచేవాళ్ళట, మాకు అంతదాకా రాలేదు.

నీరు తగ్గే మాత్రతో పాటు షుగర్ లేకపోయినా షుగర్ మందు ఒకటి రాశారు, గుండెకి కూడా పనిచేస్తుందని ఓపిగ్గా చెప్పారు. వాపు చాలావరకు దిగింది.

వెయిటింగ్ మాత్రం దారుణం. పైగా ప్రింటెడ్ రిపోర్టులో ముగింపు లైనే ఉంటుంది, ఈ నంబర్లన్నీ అడిగి రాయించుకున్నా, మీరూ అడగండి. 4 స్టార్లు, ఒకటి దానికే కట్.