విశాఖలో 108 సేవ: బండి రాకముందే మొదలయ్యే వైద్యం

కంచరపాలెం కొండవాలులో నివసించే మా పెదనాన్నగారికి ఇటీవల ఛాతీనొప్పి వచ్చినప్పుడు 108 సేవను దగ్గరగా చూసే అవకాశం కలిగింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ ఉచిత సేవకు నా లెక్కన అయిదు నక్షత్రాలకు నాలుగున్నర ఇవ్వవచ్చు.

అందులో ఎక్కువ భాగం ఫోన్ ఎత్తిన అమ్మాయికే చెందుతుంది. రోగికి స్పృహ ఉందా, ఊపిరి సరిగా ఆడుతోందా, నొప్పి చేతిలోకి పాకుతోందా అని వరుసగా అడిగి, బండి బయలుదేరిందని చెప్పి, ఆయనను నడిపించవద్దని, మెట్లు అసలే దింపవద్దని, కూర్చోబెట్టి చొక్కా గుండీలు విప్పమని సూచించింది. మా కంగారులో ఆయనను భుజాల మీద ఆనించుకుని కిందికి నడిపించేవాళ్లమే!

బండిలో వచ్చిన ఇ.ఎం.టి., అంటే అత్యవసర వైద్య సహాయకుడు, వైద్యుడు కాడు. ప్రథమ చికిత్సలో శిక్షణ పొందిన ఆ ఉద్యోగి రక్తపోటు చూసి, ఆక్సిజన్ పెట్టి, కాల్ సెంటర్‌లోని వైద్యుడితో మాట్లాడుతూ దారి పొడవునా కనిపెట్టుకుని ఉన్నాడు. పైలట్, అంటే డ్రైవరు, స్ట్రెచర్ మోయడంలోనూ చేయి వేశాడు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) అత్యవసర విభాగంలో అప్పగించేదాకా ఎవరూ రూపాయి అడగలేదు. అంతకుముందు మేము సంప్రదించిన ఒక ప్రైవేటు అంబులెన్సువారు మాత్రం రోగి సంగతి కంటే ముందు బాడుగ సంగతి తేల్చమన్నారు.

తగ్గించిన అర నక్షత్రం నిజానికి మన ఊరి ఖాతాలోనిదే. కొండవాలు ఇళ్లకు బండి ఎక్కదు, వీధుల పేర్లు కనబడవు. అందువల్ల ఇంటివాళ్లలో ఒకరు రోడ్డు మీదికి వెళ్లి ఎదురుచూడక తప్పదు. ఫోన్‌లో ఇంటి నంబరు కంటే దగ్గరలోని గుడి పేరో, రైతు బజారు పేరో చెప్పడమే మేలు.

ఒక్క అంబులెన్సుతో తీరని ఆపదలూ ఉంటాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషరసాయనపు ఆవిరి వ్యాపించినప్పుడు పోలీసులు నిద్రలో ఉన్నవారిని లేపి ఖాళీ చేయించవలసి వచ్చింది, ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) సిబ్బంది ఇల్లిల్లూ గాలించవలసి వచ్చింది, అంబులెన్సులు బాధితులను ఆసుపత్రులకు చేర్చవలసి వచ్చింది. అటువంటి సమయంలో పోలీసులకు 100, అగ్నిమాపక శాఖకు 101 అని వెతుక్కోనక్కర లేకుండా అన్ని అత్యవసర సేవలకూ ఉమ్మడి నంబరైన 112కు ఫోన్ చేస్తే చాలు. ఛాతీనొప్పి, ప్రసవం, రోడ్డు ప్రమాదం వంటివాటికి మాత్రం నేను నేరుగా 108కే చేస్తాను.